పోవచ్చు, పోవద్దు

మా వీధి చివర రెండు గదుల ఇంట్లో ఉండే ఆయనది రోడ్డు గ్యాంగులో పని. ఊరంతా కర్రాయన అని పిలుస్తారు. ఏరు పొంగి రోడ్డెక్కినప్పుడల్లా ఎరుపు, తెలుపు పట్టీలు వేసిన వెదురుకర్ర పట్టుకుని బస్సుకు ముందు నడుస్తాడు. నీళ్ల కింద రోడ్డు అంచు ఎక్కడుందో డ్రైవరుకు కనపడదు కదా. ఈయన నడిచినంత మేరా రోడ్డే అని నమ్మి వెనకాలే నడుపుకుంటూ వస్తాడు. ముప్ఫై ఏళ్లుగా ఇదే పని. వానాకాలంలో ఆయన కాలివేళ్ల సందులు పూర్తిగా ఆరగా నేను చూడలేదు. అదెందుకు చూశావని అడక్కండి.

ఆయనకో విచిత్రమైన అలవాటు. 'వచ్చు', 'వద్దు' అనే మాటలు నోట రానివ్వడు. భార్య "అన్నం పెట్టేయొచ్చా?" అంటే తలూపుతాడు. చాలనుకుంటే కంచం మీద అరచెయ్యి అడ్డం పెడతాడు. మాది ఎదురిల్లు, వాళ్ల కిటికీకి తెర లేదు, కనపడక ఏం చేస్తుంది? కారణం తెలిస్తే గానీ నా మనసు కుదుటపడదు. ఒకరోజు ఉప్పు వంకతో వెళ్లి ఆవిడను కదిపాను.

"ఏమ్మా, మీ ఆయన మాటలు కూడా రేషన్లో తెచ్చుకుంటాడా?"

"పెళ్లైన కొత్తలో తెగ వాగేవాడు వదినా! ఆ పాలవ్యాను సంగతి మీకు తెలీదా?"

తెలీదు. అంత పెద్ద సంగతి నాకు తెలియకుండా ఎలా తప్పించుకుందో!

పెళ్లైన రెండో ఏట, వరద హోరులో, నీళ్లలోకి దిగబోతున్న పాలవ్యానుకు "పోవద్దు!" అని అరిచాడట. డ్రైవరుకు "పోవచ్చు" అని వినపడింది. వ్యాను అంచు దిగి బోల్తా పడింది. డ్రైవరు బతికాడు గానీ ఎడమకాలు మోకాలి దాకా తీసేశారు. తప్పు ఎవరిదీ కాదని పైఅధికారులు రాసేశారు. ఈయన మాత్రం ఆ రెండు మాటలనూ ఒదిలేశాడు.

"అప్పట్నించీ రోడ్డు మీద 'ఆగు', 'రా'. అంతే. నాతో దెబ్బలాడాలన్నా అవే," అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఈ ఏటి వరదకు నాలుగు రోజులు ఏరు రోడ్డు మీదే పారింది. అయిదో రోజు పొద్దున్నకి దిగిపోయింది. తారు కడిగిన పలకలా మెరుస్తోంది. ఆస్పత్రి అవతలి గట్టున ఉంది. మా పక్కింట్లో బట్టలు కుట్టే అమ్మాయి భర్తకు మూత్రపిండాలు పనిచేయవు. వారానికి రెండుసార్లు యంత్రం పెట్టి రక్తం శుభ్రం చేయించాలి. వరదలో ఒక వంతు తప్పింది. మొహం ఉబ్బి, కూర్చున్నచోటే ఆయాసపడుతున్నాడు. ఆ రోజూ దాటకపోతే మనిషి దక్కడు. ఎలాగో మొదటి బస్సు ఎక్కించాం. సాయానికి నేనూ ఎక్కాను.

రోడ్డు మొదట్లో కర్రాయన ఉన్నాడు. కర్ర తిరగేసి, మొద్దు చివరతో తారును కొట్టుకుంటూ నడుస్తున్నాడు. ఠక్, ఠక్. రోడ్డు కింద నీళ్లు పారే తూము దగ్గరికి వెళ్లేసరికి ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు మోగింది. మళ్లీ కొట్టాడు. వెనక్కి వచ్చి బస్సుకు ఎదురుగా నిలబడ్డాడు.

"ఆగు."

"నీళ్లే లేవు, ఇంకా దేనికి మామా? తారు చూసినా భయమేనా నీకు?" అన్నాడు డ్రైవరు.

"కింద డొల్లగా ఉంది."

"నిక్షేపంలా ఉంది కదయ్యా! వరద పోతే తనని పట్టించుకోరని బెంగ," అంది వెనక సీటులోంచి ఒకామె. బస్సంతా నవ్వింది.

కుట్టుపని అమ్మాయి నవ్వలేదు. దిగి ఆయన చెయ్యి పట్టుకుంది. "బాబాయ్, ఆయన్ని ఒక్కసారి చూడు. పోవచ్చని ఒక్క మాట అనవా?"

కర్రాయన కిటికీలోంచి ఆ మనిషిని చూశాడు. తర్వాత తూము వైపు చూశాడు. అప్పుడన్నాడు. "బస్సు ఆగాలి. మనిషి ఆగక్కర్లేదు తల్లీ. ఎవరైనా కుర్చీ తెండి."

టీకొట్టు కుర్చీ వచ్చింది. అవతలికి ఆస్పత్రి బండిని పంపమని కండక్టరు ఫోన్ చేశాడు. నలుగురు కుర్చీ ఎత్తారు. వాళ్లలో ఒకడు డ్రైవరే. రోగి చెప్పులు, చీటీల సంచీ నేను పట్టుకున్నాను. మిగతావాళ్లను ఒకరి వెనక ఒకరుగా, ఎడం ఎడంగా నడవమన్నాడు కర్రాయన. తను తూము పక్కన, డొల్ల ఉందన్న చోటికి ఎవరూ జరగకుండా కర్ర అడ్డం పట్టుకుని నిలబడ్డాడు.

పక్కకి రాగానే ఊరుకోలేక అడిగాను. "నిజంగా డొల్లేనా? అనుమానమా?"

"అనుమానమే అక్కా. తెలియాలంటే తవ్వాలి."

అప్పుడు భయం వేసింది. ఆ కుర్చీలో మనిషి ఊపిరి దారిలోనే ఆగిపోతే, ఒక శబ్దాన్ని నమ్మి బస్సు ఆపినందుకు ఊరంతా ఈయన గుమ్మం ముందే నిలబడుతుంది. ఆ సంగతి ఆయనకు తెలుసు. అయినా కర్ర దించలేదు.

ఊపిరి ఆగలేదు. అవతల బండి సిద్ధంగా ఉంది. నాలుగు గంటలు యంత్రం మీద ఉన్నాక మనిషి వెల్లకిలా పడుకుని ఊపిరి పీల్చుకోగలిగాడు. అతని భార్య గోడకు ఆనుకుని అలాగే నిద్రపోయింది.

వారం తర్వాత రోడ్డు తవ్వారు. చూడ్డానికి వెళ్లాను, నేను వెళ్లకుండా ఎలా? తూము పక్కన మట్టంతా కొట్టుకుపోయి మనిషి నడుం దాకా దిగేంత గొయ్యి ఉంది. బస్సు మునిగేంత కాదు, ముందు చక్రం దిగబడడానికి చాలు. అక్కడే ఉన్న డ్రైవరు వంగి చాలాసేపు అందులోకి చూశాడు.

రోడ్డు బాగయ్యేసరికి ఇరవై రెండు రోజులు పట్టింది. ఆ రోజుల్లో ఆరుసార్లు ఆ కుర్చీ ఏరు దాటింది. మోసేవాళ్లు వంతులు వేసుకున్నారు. ఆరోసారి సగం దారిలో అతను కుర్చీ దింపమని, మిగతా సగం తనే నడిచాడు. కర్రాయన తన అడుగులు చిన్నవి చేసుకుని అతని పక్కనే నడిచాడు.