ఆకులు రాల్చిన ఎడారి గులాబీ

నా చిన్నప్పుడు నాకు కుదురుగా ఉండటం చేతనయ్యేది కాదు. ఆ సంగతి తెలిసి కూడా పక్కింటి అక్క పురిటికి ఉంగుటూరు వెళుతూ తన ఎడారి గులాబీ కుండీని నా చేతుల్లో పెట్టింది. లావుపాటి దుంప, దాని మీద నాలుగు కొమ్మలు, గులాబీ రంగు పూలు. మా రెడ్డిగూడెంలో అలాంటి మొక్క మరొకటి లేదు. తను వచ్చేసరికి అది బతికుంటే చాలని చెప్పి బస్సెక్కింది.

చలి మొదలవగానే ఆకులు పండి రాలడం మొదలైంది. దాహమేమోనని పొద్దున ఓ చెంబు, సాయంత్రం ఓ చెంబు నీళ్ళు పోశాను. బలానికని అమ్మ చూడకుండా మజ్జిగ కూడా పోశాను. చివరికి మోడు మిగిలింది. అక్కకి మొహం ఎలా చూపించాలో తెలియక పెరట్లో కూర్చుని ఏడ్చాను.

మామిడి తోటలోనే జుట్టు నెరిసిన మా తాతయ్య నన్ను ఓదార్చలేదు. కుండీలో వేలు పెట్టి వాసన చూసి, "మజ్జిగతో సరిపెట్టావేం, ఆవకాయ కూడా వడ్డించకపోయావా?" అన్నాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు. "మన తోటకి ఇప్పుడు నీళ్ళు పెడుతున్నామా?"

"లేదు. ఇప్పుడు పెడితే చిగురేస్తుంది, పూత రాదు." మా ఊళ్ళో పలక పట్టని పిల్లలకి కూడా ఆ మాట వచ్చు.

"మరి దీన్నెందుకే ముంచేస్తున్నావు? ఇది దీనికి నిద్రపోయే కాలం."

మామిడి అంట్లు కట్టే చాకుతో కుళ్ళిన వేళ్ళు కోసేసి, నాలుగు రోజులు నీడన ఆరబెట్టి, పొడి ఇసుకలో నాటి ఎండ తగిలే గోడ మీద పెట్టాడు. నా చేతులు ఊరుకోవని తెలుసు కాబట్టి నాకో ఉద్యోగం ఇచ్చాడు. రోజూ పొద్దున్నే దుంపని నొక్కి, గట్టిగా ఉందో మెత్తబడిందో ఆయనకి చెప్పాలి. నేను వెళ్ళి "గట్టిగానే ఉంది తాతయ్యా" అంటే తప్ప కాఫీ గ్లాసు ముట్టేవాడు కాదు. దుంప ఎలా ఉందో ఆయనకి తెలియక కాదని అర్థమవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

మామిడి పిందె కట్టే రోజుల్లో మోడు కొసన ఆకుపచ్చ చుక్క కనిపించింది. నా కేకలకి వీధంతా బయటికొచ్చింది. అక్క చంటిపిల్లతో వచ్చేసరికి చిగుళ్ళు, రెండు మొగ్గలు. జరిగిందంతా చెప్పేస్తే, "ఏటా రాలుస్తుందే అది! నీకు చెప్పడం మర్చిపోయాను" అని పడీ పడీ నవ్వింది. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

అరవై దాటినా ఊరుకోవడం నాకింకా కష్టమే. అయినా ఇంట్లో ఎవరైనా మాట తగ్గించి ముడుచుకుంటే వెంటపడి అడగను. పక్కన కూర్చుని చేతి మీద చెయ్యి వేసి వచ్చేస్తాను. మొన్న పరీక్ష పోయిన మనవరాలి దగ్గర మూడు రోజులు అదే చేశాను. నాలుగో రోజు పొద్దున తనే వంటింట్లోకి వచ్చి, "అమ్మమ్మా, ఆకలేస్తోంది" అంది.