పెద్దాయన కంటే ఎత్తు ఎక్కను

షికాగోలో ఒటకర్ బ్లాహాని ఎవరు ఇంటికి పిలిచినా ఆయన ముందు అడిగేది వీధి పేరు కాదు, ఎన్నో అంతస్తు అని. పద్నాలుగు లోపైతే బంగారంలా వస్తాడు. పదిహేను అన్నారో, "అయితే మీరే కిందికి దిగండి" అంటాడు. ఎందుకంటే ఆయన ముప్ఫై ఏళ్లు లిఫ్టు నడిపిన కెల్సో బిల్డింగ్‌కి పద్నాలుగే అంతస్తులు. నూట పాతికేళ్ల కిందటి కట్టడం. దాన్ని బిల్డింగ్ అంటే ఒటకర్‌కి కోపం. పెద్దాయన అనాలి.

"మా పెద్దాయన కంటే ఎత్తు ఎక్కను" అనేవాడు. "ఆయన నిలబడి చూపించబట్టే కదా మిగతావన్నీ ఆకాశంలోకి లేచాయి! తాత నెత్తి మీద కాలు పెట్టి నిలబడతామా?"

ఆ ఊళ్లో ఉంటూ పద్నాలుగు దాటనంటే పెళ్లికెళ్లి విస్తరి ముట్టననడమే. కూతురు లిబ్బీ ముప్ఫై ఒకటో అంతస్తులో కాపురం పెట్టింది. పదకొండేళ్లలో ఆయన ఆ గుమ్మం తొక్కలేదు. మనవరాలి పుట్టినరోజు ఏటా కింద, ఉత్తరాల పెట్టెల ముందు జరిగేది. వచ్చేపోయే వాళ్లందరికీ పెట్టాల్సి రావడంతో లిబ్బీ మూడు కేకులు చేసేది.

"నాన్నా, విమానం ఎక్కుతావు కదా! అది ఎత్తు కాదా?" అని నిలదీసింది ఒకసారి.

"విమానానికి పునాది ఏదే? పునాది లేనిదాన్ని మేం లెక్కలోకి తీసుకోం."

గుండె డాక్టరుది ఇరవై రెండో అంతస్తు. "నా గుండె పైకి రాదు, మీ గొట్టమే కిందికి తెండి" అని ఫోను చేశాడు. పాపం, ఆ డాక్టరు మంచివాడు. దిగొచ్చి, హాట్‌డాగ్ బండి పక్కన ఒటకర్ చొక్కా గుండీలు విప్పించి గొట్టం పెట్టాడు. సరిగ్గా అప్పుడే నెత్తి మీది వంతెనపై రైలు దడదడమని పోయింది. "ఈ చప్పుడు మీదా, రైలుదా?" అని డాక్టరు కంగారుపడ్డాడు.

ఈ పిచ్చికి అందరికంటే ఎక్కువగా బలైనవాడు డెస్మండ్ టూమీ. ఒకప్పుడు ఆ కెల్సో బిల్డింగ్ కిటికీలనే బయటి నుంచి తుడిచేవాడు. తరవాత మోకాలి నొప్పి అని చెప్పి నేలమాళిగలో బాయిలర్ దగ్గరికి పని మార్పించుకున్నాడు. ఒటకర్ "నేనెక్కను" అని ఊరుకునే రకం కాదు. "టూమీ కూడా ఎక్కడు. వాడూ పెద్దాయన మనిషే" అని ఆయన్నీ కలిపేసేవాడు.

టూమీ నలుగురిలో నెత్తి కొట్టుకునేవాడు. "నాకేం, వంద అంతస్తులైనా ఎక్కేస్తాను! ఈ పిచ్చోడితోనే వచ్చింది చావు."

అసలు సంగతి తనకొక్కడికే తెలుసని టూమీ నమ్మకం. ఆయన మోకాలు నిక్షేపంగా ఉంది. ఒక జనవరిలో, తొమ్మిదో అంతస్తు కిటికీ బయట, నడుముకు కట్టుకున్న రెండు పట్టీల్లో ఒకటి ఊడింది. సరస్సు మీది గాలిలో ఐదు నిమిషాలు ఒంటి పట్టీకి వేలాడాడు. ఆ తరవాత బల్బు మార్చడానికి స్టూలెక్కినా కాళ్లు వణికేవి. కిటికీలు తుడిచేవాడికి ఎత్తంటే భయమని తెలిస్తే తోటివాళ్లు బతకనిస్తారా? దేవుడు ఒటకర్‌కి పిచ్చినిచ్చి తన పరువు కాపాడాడని, ప్రతి ఆదివారం చర్చిలో ఒక కొవ్వొత్తి వెలిగించేవాడు.

ఇక పెద్దాయన నెత్తిన ఒకప్పుడు వెడల్పాటి చూరు ఉండేది. ఆకులూ పువ్వులూ తీర్చిన కాల్చిన మట్టి పలకల చూరు. ముక్కలు రాలి జనం మీద పడతాయని ఎప్పుడో దాన్ని కొట్టేశారు. చూరుతో ఉన్న పాత ఫొటో ఒటకర్ పర్సులో, పెళ్లాం ఫొటో కంటే ముందుండేది. నగర సభలో ఎవరైనా లేచి మూడు నిమిషాలు మాట్లాడవచ్చు. నలభై ఏళ్లు ప్రతి నెలా ఆ మూడు నిమిషాలూ ఆయనవే. సభ చెత్తబళ్ల గురించైనా సరే. "చెత్త సంగతి సరే, మా పెద్దాయన టోపీ ఎప్పుడు తిరిగిస్తారు?"

ఎట్టకేలకు కొత్త యజమానులు మరమ్మతు మొదలుపెట్టారు. మసి కడిగితే నల్లటి గోడలు తేనె రంగు తేలాయి. రెండేళ్లపాటు ఒటకర్ ఎదురుగా మడత కుర్చీ వేసుకుని, పక్కన టూమీని కూర్చోబెట్టుకుని, పనివాళ్లకి సలహాలిచ్చాడు. "ఒరే నాయనా, ముఖం ఒక్కటే కాదు, చెవుల వెనక కూడా రుద్దు!"

ఒక మధ్యాహ్నం ఇంజినీరు రోవీనా రోడ్డు దాటి వచ్చింది.

"ఒటకర్ గారూ, చూరులో చివరి పలక ఒక్కటే మిగిలింది. అది మీ చేత్తోనే పెట్టించాలని మా అందరి కోరిక. టూమీ గారూ, మీరూ రావాలి. లిఫ్టు సిద్ధంగా ఉంది."

ఒటకర్ ముఖం చాటంతయింది. కుర్చీలోంచి లేచాడు. టూమీ మాత్రం కుర్చీలోంచి కదల్లేదు. పద్నాలుగు అంతస్తులే, అదీ సాక్షాత్తూ పెద్దాయనే. ఇక ఏ ఒట్టు కాపాడుతుంది? చేతిలో కాఫీ ఒలికి చొక్కా మీద పడింది.

ఒటకర్ ఆ చేతుల వంక చూశాడు. మెల్లిగా మళ్లీ కూర్చున్నాడు.

"అమ్మాయ్, ఆ చూరు ఇప్పటిదాకా ఉన్న కప్పు కంటే ఎంత ఎత్తు?"

"మూడడుగులండీ."

"అంటే పెద్దాయన కంటే మూడడుగులు ఎక్కువ. నేనెక్కను. టూమీ కూడా ఎక్కడు."

రోవీనా నోరు తెరిచింది. టూమీ కూడా "నాకేం" అనబోయి తెరిచాడు. అంతలోనే ఒకటి తట్టింది. పెద్దాయన ఎత్తంటే చూరుతో కలిపే ఎత్తని నగర సభ గోడలకి కూడా తెలుసు. నలభై ఏళ్లు అడుక్కున్న టోపీని ఇవాళ ఎక్కువంటాడేంటి?

అసలీ ఒట్టు ఎప్పుడు మొదలైంది? బిల్డింగ్ మనుషులంతా ఊళ్లోకెల్లా ఎత్తయిన టవరెక్కి చూద్దామని టికెట్లు కొన్న రోజు. ఆ రోజే ఒటకర్ మొదటిసారి బల్ల గుద్దాడు. అప్పటికి తన పట్టీ ఊడి మూడు వారాలు కూడా కాలేదు. అంతకుముందు వీడు ఎక్కని మేడ ఉందా? వీడి పెళ్లి విందే ఇరవై ఆరో అంతస్తులో జరిగింది. తోడు పెళ్లికొడుకు తనే!

'దొంగ వెధవ' అనుకున్నాడు టూమీ. కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్లూ కొవ్వొత్తి వెలిగించాల్సింది వీడికి.

"అమ్మాయ్," అన్నాడు రోవీనా వైపు తిరిగి, "ఈ ఊరి బురదలో పాత మేడలన్నీ కుంగుతాయి కదా. ఇదెంత కుంగింది?"

"కట్టినప్పటి నుంచి ఇరవై అంగుళాలండీ. అందుకేగా గుమ్మం రోడ్డు కంటే కిందికి పోయింది."

"కొత్త చూరు పాతదాని కొలతేనా?"

"అంగుళం తేడా లేదు."

"విన్నావురా? ఇవాళ దాని నెత్తి మీద నిలబడ్డా పెద్దాయన అసలు ఎత్తుకి ఇరవై అంగుళాలు తక్కువే. నీ ఒట్టుకేం కాదు. లే!"

ఒటకర్ లేవలేదు. "మరి నీ మోకాలో?" అన్నాడు నెమ్మదిగా.

"మోకాలు బాగానే ఉంది. అది నీకూ తెలుసు."

లిఫ్టు మూడో అంతస్తు దాటకముందే టూమీ కళ్లు మూసుకున్నాడు. వెనక నుంచి రెండు చేతులతో ఒటకర్ బెల్టు పట్టుకున్నాడు. పైకెళ్లాక కూడా వదల్లేదు. ఒటకర్ వంగితే వంగాడు, జరిగితే జరిగాడు. గాలి చెవుల్లో హోరెత్తింది. ఒటకర్ పలక కూర్చి తాపీతో రెండు దెబ్బలు కొట్టాడు. పనివాళ్లు చప్పట్లు కొట్టారు.

"టూమీ గారూ, సరస్సు చూడండి, ఎంత బాగుందో!" అంది రోవీనా.

"వాడు చూసేశాడులేమ్మా" అన్నాడు ఒటకర్ గబుక్కున అడ్డం వచ్చి. తరవాత గొంతు తగ్గించి, "ఎలా ఉందిరా?" అని అడిగాడు.

"బ్రహ్మాండం" అన్నాడు టూమీ, కళ్లు మరింత గట్టిగా మూసుకుని. "కాకపోతే పలక కాస్త వంకరగా పెట్టావు."

ఒటకర్ గాభరాగా వెనక్కి తిరిగి, ఒక కన్ను మూసి పలకని చూసుకున్నాడు.