తిన్నాక చెబుదామనుకున్న కబురు

నా చిన్నప్పుడు మిర్యాలగూడలో, రైసుమిల్లుల రోడ్డు మీద మా అమ్మమ్మ రొట్టెల హోటలు నడిపేది. హోటలంటే పెద్దగా ఊహించుకోకండి. రేకుల పందిరి, రెండు బల్లలు, ఒక పొయ్యి, అంతే. ఊరంతా వడ్లు పట్టించి బియ్యం అమ్ముకునే చోట జొన్నరొట్టె ఎవడు తింటాడని మా మేనమామ ఎగతాళి చేసేవాడు. తినేవాళ్లుండేవారు. దామరచర్ల వైపు తండాల నుంచి మిల్లుల్లో పనికొచ్చి, ఇక్కడే కిరాయి గదుల్లో ఉండేవాళ్లు మధ్యాహ్నం కాగానే వచ్చేవారు. మిల్లులో నోరెత్తని ఆడవాళ్లు వేడి రొట్టె, వెల్లుల్లి కారం ముందు పెట్టుకుని వాళ్ల భాషలో మాట్లాడుకుంటూ పగలబడి నవ్వేవారు.

ఫోన్లు లేని రోజులు కాబట్టి తండాల కబుర్లు కూడా మా హోటలుకే వచ్చేవి. తిండికొచ్చినవాళ్లకు అమ్మమ్మ వాటిని చేరవేసేది. అందులో ఆమెకొక పట్టింపు ఉండేది. చెడ్డ కబురైతే తినే ముందు చెప్పేది కాదు. విన్నాక ఎలాగూ ముద్ద దిగదు, కడుపులో ఇంత పడ్డాక చెబితే ఊరిదాకా పోయే ఓపికైనా ఉంటుందనేది.

నాకు పదేళ్లప్పుడు, ఒకరోజు సూర్యాపేట పోతున్న తండా మనిషి ఒకాయన బస్సు కిటికీలోంచి నన్ను పిలిచాడు. మిల్లులో పనిచేసే ఒక అక్క తల్లికి ప్రాణం మీదికొచ్చిందని, కూతురి కోసం కలవరిస్తోందని, వెంటనే రమ్మనమని చెప్పాడు. ఆ అక్కంటే నాకు చాలా ఇష్టం. కబురు అమ్మమ్మ చెవిన వేయాల్సింది. కానీ ఆ పెద్దరికమేదో నేనే చేయాలనిపించింది.

అక్క వచ్చి ఆకలిగా కూర్చుంది. నేను అచ్చం అమ్మమ్మలాగే, తిననీ అని నోరు మూసుకుని నిలబడ్డాను. ఆమె రెండో రొట్టె తుంచుతుంటే అమ్మమ్మ నన్ను నీళ్లకు పంపింది. బోరింగు దగ్గర జనం. బిందెతో తిరిగొచ్చేసరికి అక్క లేదు. నేను మిల్లుకు పరుగెత్తి చెప్పి ఉండాల్సింది. బద్ధకించాను. సాయంత్రం టీకి వస్తుందిలే అనుకున్నాను. ఆమె రాలేదు, ఆటలో పడి నేనూ మరిచిపోయాను.

మర్నాడు పొద్దున ఆమె తమ్ముడు వచ్చి మిల్లులన్నీ వెతికి ఆమెను పట్టుకున్నాడు. తల్లి తెల్లవారుజామున పోయిందట. ఇద్దరూ మా పందిరి ముందుకొచ్చారు. నిన్ననే హోటల్లో చెప్పించాం కదా అని తమ్ముడు అడిగాడు. అమ్మమ్మకు ఆ సంగతే తెలియదు. పొయ్యి ముందు నుంచి తలెత్తి నా ముఖం చూసింది.

"నాకే చెప్పిండ్రు బిడ్డా. నేనే మరిసిన," అంది.

అక్క పందిరి కింది బల్ల వైపు చూసింది. తర్వాత మెల్లగా, "మా అమ్మ పిలుస్తుంటే నేను గీడ కూసొని నవ్వుకుంట తిన్న గదవ్వా," అంది. అంతే, వెళ్లిపోయింది.

ఆ తర్వాత తండావాళ్లు ఒక్కొక్కరే రావడం మానేశారు. కబురు దాచిన ముసలిదన్న పేరు పడింది. ఏడాది తిరక్కుండానే పొయ్యి ఆరిపోయింది. అమ్మమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. నా తప్పు ఎందుకు మీద వేసుకున్నావని ఒకసారి ఏడుస్తూ అడిగాను.

"నువ్వు శానా దూరం పోవాలె. నాకింకెన్ని దినాలున్నయని," అంది.

నా పెళ్లయ్యాక, కోదాడ బస్టాండులో ఆ అక్క కనబడింది. నన్ను గుర్తుపట్టి చెయ్యి పట్టుకుంది. అమ్మమ్మ పోయిందని చెప్పగానే చెయ్యి వదిలేసింది. "ఆమె సంగతి నాకు చెప్పకు," అని ముఖం తిప్పుకుంది. ఆ తప్పు నాదని చెప్పడానికి నా ముందు బోలెడంత సమయం ఉంది. అయినా బస్సొచ్చిందన్న వంకతో ఎక్కేశాను. బతికున్నప్పుడు నా తప్పును అమ్మమ్మ తనంతట తానే మోసింది. చనిపోయాక ఆమె చేత మోయించింది నేను.