పిల్లకు వేరే పళ్ళెం

మా అమ్మాయి టేబుల్ ముగ్గురికే బుక్ చేసింది. గొడవంతా అక్కడే మొదలైంది. అయితే అది మాలాంటివాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యని పొరపాటు. ముంబై కామాటిపురలో కుటుంబానికో గది ఉండే మా చాల్‌లో ఏడెనిమిదేళ్ళ లోపు పిల్లకు వేరే పళ్ళెం పెట్టడం నాకు బుద్ధి తెలిశాక ఎప్పుడూ చూడలేదు. పిల్ల ఎవరి పక్కన కూర్చుంటే వాళ్ళ పళ్ళెంలోంచి తింటుంది. పెళ్ళిభోజనాలకు పోయినా అంతే. పిల్లకు ఇంకో విస్తరి వేయమంటే, ఈవిడకు డాబు ఎక్కువైందని పక్కవాళ్ళు చూసేవాళ్ళు. కాబట్టి ఓడలో రాత్రి భోజనానికి ఎంతమంది వస్తారని అడిగినప్పుడు మా అమ్మాయి ముగ్గురం అని చెప్పేసింది. నేను, మా అమ్మ, తను. తన ఆరేళ్ళ కూతురిని కూడా లెక్క చెప్పాలని దానికి తట్టనే లేదు. అడిగి ఉంటే నాకూ తట్టేది కాదు.

మున్సిపాలిటీ తెలుగు బడిలో ముప్పై మూడేళ్ళు పాఠాలు చెప్పాను. క్లాసులో పిల్లలకన్నా బెంచీలు ఎక్కువయ్యాక రిటైరయ్యాను. ఆ సందర్భంగా అమ్మాయి నన్ను ఓడ ఎక్కిస్తానంది. ముంబై నుంచి గోవా దాకా పోయి రావడం, రెండు రాత్రులు. అల్లుడికి సెలవు దొరకలేదు. ఎనభై ఏళ్ళ మా అమ్మ మొదట రానంటే రానంది. తీరా ప్రయాణానికి రెండు రోజుల ముందే సంచి సర్దుకుని తలుపు పక్కన పెట్టుకుంది. ఎందుకమ్మా ఇంత తొందర అంటే, "నువ్వు నన్ను ఇడిసి పోతవని" అంది.

ఓడలో కింద పెద్ద భోజనశాల ఉంది. అక్కడ ఎవరికి కావలసింది వాళ్ళు వడ్డించుకోవచ్చు. పిల్లలు బల్లల కింద దూరి ఆడుకుంటుంటారు, మా గదుల ముందుండే గ్యాలరీలో ఉన్నట్టే ఉంది. పై అంతస్తులో ఇంకొకటి ఉంది. సముద్రం వైపు అద్దాలు, తెల్లటి బట్టలు పరిచిన బల్లలు, ఒక్కో వంటకాన్నీ మనిషి తెచ్చి వడ్డిస్తాడు. మా అమ్మాయి నాకోసం బుక్ చేసింది ఇదే. జీవితమంతా వాళ్ళకూ వీళ్ళకూ పెట్టావు, ఒక్కపూట నువ్వు కూర్చుంటే ఇంకొకరు నీకు పెట్టాలి మమ్మీ అంది. అలా అన్నందుకు ఆ పూటకు నాకు ఎవరి మీదా కోపం రాకుండా ఉండాల్సింది. వచ్చింది.

పొద్దు వాలుతుండగా నలుగురం పైకి వెళ్ళాం. తలుపు దగ్గర నలభై ఏళ్ళ మనిషి, నల్ల కోటు వేసుకుని నిలబడి ఉన్నాడు. మా మనవరాలిని చూసి హిందీలో మెల్లగా చెప్పాడు, ఇక్కడికి పద్దెనిమిదేళ్ళు దాటినవాళ్ళకే ప్రవేశమట. అమ్మాయి ఫోన్ తీసి బుకింగ్ చూపించింది. పాపకు వేరే ప్లేటు అక్కర్లేదు, మా ప్లేట్లలోంచే తింటుందని చెప్పింది. ప్లేటు సంగతి కాదు మేడమ్, పాపను కూడా లెక్క చెప్పి ఉంటే బుకింగ్‌లోనే చెప్పేవాళ్ళం అన్నాడతను. పిల్లల్ని ఇంట్లో విడిచి, రెండు పూటలు నెమ్మదిగా గడుపుదామని వచ్చేవాళ్ళుంటారు, ఈ గది వాళ్ళకోసం అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. పిల్లలు వస్తే పాడైపోయే భోజనం ఏం భోజనమయ్యా అని అందుకున్నాను. బడిలో వెనక బెంచీ దాకా వినిపించే గొంతు నాది. లోపల ఇద్దరు ముగ్గురు తలలు తిప్పారు. మా మనవరాలు నా కొంగులో మొహం దాచుకుని, మరాఠీలో, నేనేం చేశానని అడిగింది.

ఆ మాట నాకు కొత్త కాదు. ఏడేళ్ళ వయసులో నేను కూడా ఒక తలుపు బయట కూర్చుని అదే మాట అనుకున్నాను. ఆ తలుపు మూసింది మా అమ్మ.

మా ఖోలీలో, అంటే మా ఒంటిగదిలో, అమ్మ ఖానావళి నడిపేది. ఖానావళి అంటే పెద్ద హోటలేమీ కాదు. మేం పడుకునే గదే, పొద్దున పక్కలు ఎత్తేస్తే భోజనాల గది. మహబూబ్‌నగర్ వైపు నుంచి కట్టడాల పనికి వచ్చిన ఎనిమిది మంది రెండు పూటలా మా దగ్గర తినేవాళ్ళు. జొన్నరొట్టె, పప్పు, వారానికి రెండుసార్లు గుడ్డు కూర. వాళ్ళు గోడల వెంబడి కూర్చుంటే నేను నడిమధ్య కూర్చునేదాన్ని. నాకు వేరే పళ్ళెం లేదు కాబట్టి ఎనిమిది పళ్ళేలూ నావే. ఒకాయన రొట్టె తుంచి పప్పులో అద్ది నోట్లో పెట్టేవాడు, ఇంకొకాయన ఉల్లిపాయ ముక్క ఇచ్చేవాడు. మడమలకు ఎప్పుడూ సున్నం అంటి ఉండే ఒకాయనను నేను మామా అని పిలిచేదాన్ని. ఆయన గుడ్డును రెండు ముక్కలు చేసి పచ్చసొన ఎక్కువున్న ముక్క నాకు పెట్టేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం అమ్మ నన్ను రెక్క పట్టుకుని లేపి వీపు మీద ఒక్కటి వేసింది. "సిగ్గు లేదా నీకు? మంది తల్లెల మీద పడి తింటవ్, తిండిపోతుదానా" అంది, ఎనిమిది మంది ముందు. నన్ను గ్యాలరీలోకి నెట్టి తలుపు వేసింది. ఆ రోజు నుంచి వాళ్ళు తిని లేచేదాకా నాకు లోపలికి ప్రవేశం లేదు. గడప బయట కూర్చుని తలుపు సందులోంచి వచ్చే కూర వాసన పీల్చేదాన్ని. తినడం అయ్యాక అమ్మ తలుపు తీసి, ఒక్కొక్కరూ బయటికి వస్తుంటే "కడుపు నిండిందా అన్నా?" అని అడిగేది. ఎనిమిది మందీ నిండిందన్నాకే నన్ను పిలిచేది. ఆ మాట నన్ను మాత్రం అడిగేది కాదు.

అప్పుడు ఒక్కటే నాకు ఊరట. లోపలికి వెళ్తే మూలన ఒక స్టీలు గ్లాసు బోర్లించి ఉండేది. ఎత్తితే కింద సగం గుడ్డో, గుప్పెడు వేయించిన పల్లీలో, ఏమీ లేకపోతే చిన్న బెల్లం ముక్కో ఉండేది. కొట్టినందుకు అమ్మ బాధపడి పెడుతోందనుకున్నాను. అలా అనుకుని కూడా ఆమెను క్షమించలేదు.

నవ్వుతారేమో గానీ, తిండిపోతు అన్న ఆ ఒక్క మాట నా తిండిని యాభై ఏళ్ళు పట్టుకుంది. బడిలో టిఫిన్ డబ్బా తీస్తే గోడ వైపు తిరిగి తినేదాన్ని. పెళ్ళిళ్ళలో వడ్డించేవాళ్ళు రాకముందే చెయ్యి అడ్డం పెట్టేదాన్ని. అత్తగారింట్లో కోడలు తక్కువ తింటుందని మెచ్చుకున్నారు. నాకు ఆకలి తక్కువేమీ కాదు. ఎవరి ముందైనా మారు అడగాలంటే వీపు మీద ఆ దెబ్బ ఇంకా చురుక్కుమనేది.

అందుకే ఓడలో ఆ తలుపు ముందు తీర్మానించేశాను. పిల్ల రాని చోటికి నేను రాను, పదండి అందరం కిందికి పోదాం అన్నాను. అమ్మాయి మొహం చిన్నబోయింది. ఎన్ని నెలల ముందు నుంచి ఈ పూట కోసం అనుకుందో పాపం.

మా అమ్మ ఇదేమీ పట్టించుకోలేదు. ఆమె ఆ నల్ల కోటు మనిషినే చూస్తోంది. మేం మాట్లాడుతున్నంతసేపూ అతను మా వైపు చూశాడు గానీ పాప వైపు మళ్ళీ చూడలేదట. తర్వాత అమ్మ చెప్పింది, నేను గమనించనే లేదు. అమ్మ తన బజారు హిందీలో, నీకు పిల్లలెంతమంది బేటా అని అడిగింది. ఒక్కతే కూతురు, ఆరేళ్ళు అన్నాడు. చూసి ఎన్నాళ్ళయిందంది. ఏడు నెలలు. వాళ్ళది ఎక్కడో కొండల్లో ఊరట. ముంబై రేవుకు వారానికి రెండుసార్లు వచ్చినా, ఇంటికి పోవాలంటే రైల్లోనే రెండు రోజులు. కాంట్రాక్టు అయ్యేదాకా ఓడ విడవడానికి లేదు. తర్వాత, అడక్కపోయినా అతనే ఒక మాట అన్నాడు.

"మొదట నన్ను కింద భోజనశాలలో వేశారు, మాతాజీ. అక్కడ రోజంతా పిల్లలే. నేనే అడిగి ఇక్కడికి మార్పించుకున్నాను."

అమ్మ అతని చేతి మీద ఒకసారి తట్టింది. నా వైపు తిరిగి, రా అన్నట్టు తల ఆడించి, వరండాలో ఉన్న సోఫాలో కూలబడింది. పాపను పక్కన కూర్చోబెట్టుకుంది.

"నిన్ను ఆనాడు బయటికి గెదిమింది గూడ గిందుకేనే" అంది.

నాకు ఏమీ అర్థం కాలేదు. ఆ సంగతి ఆమెకు గుర్తుందని కూడా అనుకోలేదు.

"మన ఖోలీల తిన్నోళ్ళు అందరు పిల్లల్ని ఊర్ల ఇడిసి వచ్చినోళ్ళే. నువ్వు నడుమ కూసుంటే ఒక్కనికి ముద్ద దిగకపోతుండె. అందరు నీకే పెడ్తుండిరి. నీ కడుపు నిండుతుండె, వాళ్ళు సగం కడుపుతోని తట్టలు మొయ్య పోతుండిరి. గా సున్నం కాళ్ళాయన లేడా, నీ మామ? ఒకనాడు మన మెట్లు దిగుతా దిగుతా కండ్లు తిరిగి గోడ పట్టుకొని కూలబడ్డడు. నేనే చూసిన. పిల్లకు పెట్టకన్నా, నువ్వు తిను అని మొక్కిన. 'పోరి కండ్ల ముందట ఉంటె నేనెట్ల తినాలె చెల్లె, నా బిడ్డ గూడ గింతే ఉంటది' అన్నడు. గప్పుడు మూసిన తలుపు."

"మూస్తె మూస్తివి. అందరి ముందట నన్ను తిండిపోతు అని ఎందుకంటివి?" నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినిపించింది.

"గట్ల అనకపోతె నువ్వు మల్ల వచ్చి కూసుంటుంటివి. వాళ్ళు మల్ల పెడ్తుండిరి."

"నిజం జెప్పొచ్చు కదనే అమ్మా."

"ఏడేండ్ల పోరికి ఏం జెప్పాలె? నువ్వు తిన్న ముద్దకు ఒక మనిషి కింద పడ్డడని జెప్పాలెనా? చెప్తె నీ గొంతుల అన్నం దిగునా? నా మీద కోపం ఉంటె ఉండనీ అనుకున్న. కోపంతోని గూడ అన్నం తినొచ్చు."

మరి ఆ గ్లాసు కింద పెట్టింది నువ్వే కదా అన్నాను. అమ్మ తల అడ్డంగా ఊపింది.

"నేను కాదు. ఆయనే. గదొక్కటన్న పెట్టనియ్యి చెల్లె అని బతిమిలాడిండు. ఎంతని వద్దంట? సరే అన్న."

ఆ మామ ఒక వానాకాలం ఊరికి పోయి మళ్ళీ రాలేదు. ఆయన అసలు పేరేమిటో నేనెప్పుడూ అడగలేదు. అర్ధాకలితో ఉండి గ్లాసు కింద గుడ్డు దాచిన మనిషికి, అది తిని బయటికి పరుగెత్తిన పిల్ల ఒక్క మాటయినా చెప్పలేదు. ఇక మా అమ్మ. కూతురి కోపాన్ని యాభై ఏళ్ళు నోరు విప్పకుండా మోసింది. ఆ తర్వాత కూడా నా తిండి సరిగా సాగలేదన్న సంగతి ఆమెకు తెలియదు. చెబుదామా అనుకుని మానేశాను. నా గొంతులో ముద్ద దిగేలా కాపాడానని ఆమె అనుకుంటోంది. నిజానికి చాలావరకు కాపాడింది కూడా. చెయ్యగలిగిన దానికన్నా ఎక్కువే చేసింది. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. పాప తన గౌనుతో నా మొహం తుడిచింది.

"పో, లోపలికి పో. నీకోసం పెట్టిన దావత్ ఇది" అంది అమ్మ. "పోరిని నేను జూస్త. మేము కింద తెచ్చుకొని ఈడనే తింటం."

అమ్మాయీ నేనూ లోపలికి వెళ్ళాం. నల్ల కోటాయన కుర్చీ జరిపి కూర్చోబెట్టాడు. గట్టిగా మాట్లాడినందుకు తప్పయిందని చెప్పాను. ఫరవాలేదు టీచర్‌జీ అన్నాడు. టీచర్నని ఎలా తెలిసిందంటే, గొంతు వింటే తెలియదా అని నవ్వాడు. పళ్ళెం చూస్తే బండి చక్రమంత ఉంది, అందులో చేప ముక్క నా అరచేతిలో సగం లేదు. కానీ ఏం రుచి! పులుపు, కొబ్బరి, ఎక్కడో మిరియం. అటూ ఇటూ చూడకుండా తిన్నాను. అద్దాల అవతల చీకటి పడుతోంది. ముల్లు తప్ప ఏమీ మిగల్లేదు.

అతను పళ్ళెం తీయడానికి వచ్చాడు. సరిపోయిందా, ఇంకేమైనా కావాలా అని అడిగాడు. అలవాటు కొద్దీ నా చెయ్యి పళ్ళెం మీద అడ్డంగా లేచింది. దాన్ని నేనే కిందికి దించుకున్నాను.

"ఇంకొక ముక్క పెట్టు నాయనా" అన్నాను. తెలుగులోనే అనేశాను. అతనికి అర్థమైంది.

మా అమ్మాయి ఫోన్ పక్కన పెట్టి నన్నే చూస్తూ ఉండిపోయింది. దాని పెళ్ళిలో కూడా నేను మారు వేయించుకోలేదు మరి. రెండో ముక్క మొదటిదానికన్నా పెద్దది తెచ్చాడు. అది కూడా తిన్నాను.

బయటికి వచ్చేసరికి అమ్మ సోఫాలో పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని, పెరుగన్నం కలిపి పాపకు ముద్దలు పెడుతోంది. కింద ఇద్దరికీ రెండు పళ్ళేలు ఇచ్చారట. రెండోది శుభ్రంగా, ఖాళీగా పక్కన పడి ఉంది. నన్ను చూసి అమ్మ ముద్ద పట్టుకున్న చెయ్యి ఆపింది.

"కడుపు నిండిందా?" అని అడిగింది.

"నిండిందే అమ్మా" అన్నాను. "మారు గూడ అడిగిన."