కోలు లేని చెయ్యి

మొన్న ఇంటి తలుపులకు రంగు వేయిస్తుంటే టర్పెంటైన్ వాసన గుప్పుమంది. అందరూ ముక్కు మూసుకుని పెరట్లోకి వెళ్లిపోయారు. నేను మాత్రం కుర్చీ ఇంకాస్త దగ్గరకు జరుపుకున్నాను. ఆ వాసన వస్తే నాకు మా రాజమ్మ టీచర్ పక్కనే ఉన్నట్టుంటుంది.

ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చిన రోజుల్లో, ప్రొద్దుటూరులో మా ఆడపిల్లల బడికి ఆమె డ్రాయింగ్ టీచర్. ఏదడిగినా తిరిగి మనల్నే అడిగేది. ఆకాశానికి ఏ రంగు వేయాలంటే, "పోయి చూసొచ్చి నువ్వే చెప్పుమే" అనేది. నాకు ఒళ్లు మండేది.

బడి వార్షికోత్సవంలో మేము కోలాటం వేశాము. పాట జోరందుకున్నాక నా కుడిచేతి కోలు జారి స్టేజీ కిందికి పడిపోయింది. ఆగితే అందరి వరసా చెడుతుంది. ఏమీ తోచక ఖాళీ చెయ్యే ఎత్తాను. ఎదుటి పిల్ల కోలు నా అరచేతి మీద పడింది. పాట అయ్యేదాకా పడుతూనే ఉంది. చప్పట్లు కొట్టినవాళ్లెవరూ గమనించినట్టు లేరు గానీ, నాకు తల కొట్టేసినట్టయింది. జమ్మలమడుగులో మళ్లీ ఆడాలన్నప్పుడు రానని మొండికేశాను. ఆటంటే నాకు ప్రాణం. అయినా భయమే గెలిచింది.

తరువాత ఒకరోజు టీచర్ పిలిచి కొత్త బొమ్మ చూపించింది. స్టేజీ మీద మేమే. కానీ అవేం బొమ్మలో! ఆకుపచ్చ ముఖాలు, వాటికి కళ్లూ ముక్కులూ లేవు. పావడాలు మంటల్లా లేచి ఉన్నాయి. నడుమ ఒక పిల్ల చెయ్యి చేటంత ఉంది, ఎర్రగా.

"మా మొగాలు యాడ టీచర్?"

"ఆ పొద్దు నేను మొగాలు చూడల్యా మే."

"ఈ చెయ్యేంది, ఇంత పెద్దగ గీసినారు?"

"అది నీదే. ఆ పొద్దు నీకెంతుండె, నువ్వే చెప్పు."

చేటంత చేతులు ఎవరికుంటాయని అనబోయి, బొమ్మను మళ్లీ చూశాను.

"ఇంతే ఉండె టీచర్," అన్నాను. అంటూనే ఏడుపొచ్చేసింది. ఒకరైనా చూశారన్న సంతోషంతో వచ్చిన ఏడుపు అది. ఆమె ఓదార్చలేదు. టర్పెంటైన్‌లో బ్రష్షు కడుక్కుంటూ, "జమ్మలమడుగులో ఇంగోసారి జారితే ఏం చేస్తావు?" అంది.

"చెయ్యెత్తుతా."

వెళ్లాను, ఆడాను. కోలు జారలేదు. పులివెందులకు బదిలీ అయి పోతూ టీచర్ ఆ బొమ్మ నాకే ఇచ్చింది.

మొన్న రంగు వేసే అతను దాన్ని తలుపు పక్క గోడ మీంచి దించుతూ ఆగిపోయాడు. "ఏందవ్వా, ఈ చెయ్యి ఇంతుంది?"

"నీకేమనిపిస్తాందప్పా?" అని అడిగాను.

అతను బొమ్మ వంక మళ్లీ చూశాడు. తరువాత రంగు అంటిన తన అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు.