క్యాలెండర్‌లో ‘నా’

నాగా అనే మాట నాకు మా అమ్మ నుంచి వచ్చింది. పనిమనిషి రాని రోజున అమ్మ గోడ క్యాలెండర్ దగ్గరికి వెళ్లి, ఆ తేదీ గడిలో తిథికీ రాహుకాలానికీ మధ్య చోటు చూసుకుని ‘నా’ అని రాసేది. పూర్తిగా రాయడానికి చోటుండదు. నెలాఖరున పోట్లాడటానికి ఆ ఒక్క అక్షరం సరిపోయేది. పెళ్లయి అమీర్‌పేట వచ్చాక నేనూ అదే పద్ధతి పట్టాను. అమ్మ కన్నా ఎక్కువ చదువుకున్నాను కాబట్టి దానికి రంగులు కూడా చేర్చాను. రాని రోజుకి నీలం సిరాతో ‘నా’. ఆలస్యంగా వచ్చిన రోజుకి ఎర్ర సిరాతో వచ్చిన టైము.

పాప నాకు నలభయ్యో ఏట పుట్టింది. ఇది దాని నాలుగో ఏటి సంగతి. మా ఆయనది ఊళ్లు తిరిగే ఉద్యోగం. వారంలో నాలుగు రోజులు ఇంట్లో ఉండరు, ఉన్న మూడు రోజులూ అలసిపోయి ఉంటారు. నాది పంజాగుట్టలో ఆఫీసు. బీమా కోసం జనం పెట్టుకునే కాగితాలు చదివి, వాటిలో అబద్ధం ఎక్కడుందో పట్టుకోవడం నా పని. ఇరవై ఏళ్లు ఆ పని చేస్తే మనిషికి ఒక జబ్బు పట్టుకుంటుంది. ఎదుటివాళ్లు నోరు తెరవగానే, మరి దీనికి రుజువేది అనిపిస్తుంది.

మా ఆఫీసు గుమ్మంలో వేలిముద్ర యంత్రం ఉంటుంది. తొమ్మిదిన్నర దాటి వేలు పెడితే మన పేరు పక్కన ఎర్ర చుక్క పడుతుంది. ఆ ఏడాది మా సెక్షన్ హెడ్ రిటైరవుతున్నాడు. ఆ సీటుకి ఇద్దరమే ఉన్నాం, నేనూ, నాకన్నా పదేళ్లు చిన్నవాడైన ఒకతనూ. అతనికి ఇంట్లో తల్లి ఉంది, భార్య ఉంది, అత్తగారు కూడా వచ్చి పోతుంటారు. రోజూ తొమ్మిదీ పదికే వచ్చి టీ తాగుతూ కనిపించేవాడు.

మేనేజరు నన్ను పిలిచి చెప్పాడు. “మీ పని గురించి ఎవరికీ డౌటు లేదు మేడమ్. మీ టైమింగ్ గురించే పైవాళ్లు అడుగుతున్నారు. ఈ మూడు నెలలూ నెలకి రెండు ఎర్రలు మించకుండా చూసుకోండి. సీటు మీదే.”

అంటే ఇరవై ఏళ్ల నా ఉద్యోగం, ఒక ఆయమ్మ ఎనిమిదీ నలభై అయిదుకి మా గడప తొక్కడం మీద ఆధారపడిందన్నమాట.

ఆయమ్మది బల్కంపేట. ఎల్లమ్మ గుడి వెనక సందులో ఒక గది. యాభై దాటిన మనిషి. మా కోస్తా ఇళ్లలో పనికొచ్చే మనుషులు ‘మీరు’, ‘అండీ’ లేకుండా మాట్లాడటం నేను వినలేదు. ఈమె మొదటి రోజే, “నువ్వు ఫికర్ చెయ్యకు అమ్మా. నువ్వు పో. పాపను నేను సూసుకుంట” అంది. ఆ ‘నువ్వు’ నాకు చాలా రోజులు గుచ్చుకుంది. పాపకి మాత్రం వారం తిరిగేసరికి ఆమె చంక దిగబుద్ధి కాలేదు.

ఆలస్యాలు రెండో వారంలో మొదలయ్యాయి.

“ఏంటిది? తొమ్మిదీ అయిదు.”

“నల్ల ఒచ్చిందమ్మా.”

“నల్లా రాకపోతే ఆలస్యమా, వస్తే ఆలస్యమా?”

“ఒస్తేనే. పట్టుకోవాలె గద. రోజు ఇడిసి రోజు ఇడుస్తరు, ఎనిమిదింటికి. మా లైన్ల ఆరిండ్లకు ఒకటే నల్ల.”

“మొదట నువ్వే పట్టుకుని రావచ్చుగా.”

“నంబరుంటదమ్మా. నీ లెక్క అందరు నేను ముందు నేను ముందు అంటే జుట్లు పట్టుకునుడే.”

మా అపార్ట్‌మెంట్‌లో మోటారు వేస్తారు, ట్యాంకు నిండుతుంది, కుళాయి తిప్పితే నీళ్లు వస్తాయి. రోజు విడిచి రోజు నీళ్లు రావడం అనేది నాకు పేపర్లో చదివే విషయం. అందుకే రుజువు అడిగాను. నల్లా వచ్చిన రోజున ఫోనులో ఫోటో పెట్టమన్నాను. ఆమె పెట్టింది. సిమెంటు గట్టు, నల్లా, కింద అంచు విరిగిన ఎర్ర బకెట్. రెండు రోజుల తర్వాత మళ్లీ పెట్టింది. నేను రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఆఫీసులో కాగితాలు చూసినట్టు చూశాను.

“ఇది మొన్నటి ఫోటోనే.”

“నల్ల గదే, బకెట్ గదే. ఫోటోల కొత్తగ ఏమొస్తదమ్మా?”

నాకు సమాధానం దొరక్కుండా చేసిన మనిషిని నేను అంత తొందరగా క్షమించను.

ఆమే ఒక ఉపాయం కూడా చెప్పింది. “నల్ల ఉన్న నాడు పాపను మా ఇంటి కాడ ఇడిసి పో అమ్మా. దగ్గరనే గద. నీళ్లు పట్టినంక ఎత్తుకొని ఒస్త.” బల్కంపేట మాకు నడిచే దూరమే. పాపని అక్కడ దింపి మెట్రో ఎక్కితే పంజాగుట్ట ఒక్క స్టేషను. అంతా సరిపోయేది. “ఆ సందులోనా?” అన్నాను. ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఇప్పుడు దీన్ని ఇంకో రకంగా రాసుకోవచ్చు. పిల్ల ఆరోగ్యం అనీ, రోడ్డు మీద ఆటోలు అనీ రాయవచ్చు. కానీ నేనన్నది ‘ఆ సందులోనా’ అనే.

రాని రోజులు కూడా ఉండేవి. మోకాలు పట్టేసిందని ఒకసారి, ఎవరో చనిపోతే ఊరెళ్లిందని ఒకసారి. ఎల్లమ్మ కల్యాణానికైతే జనం మా వీధి చివరి దాకా నిండిపోయారు, ఆమె రెండు రోజులు అటే ఉండిపోయింది. ఆ రోజుల్లో నేను సెలవు పెట్టి ఇంట్లో ఉండేదాన్ని. సెలవుకి ఎర్ర చుక్క పడదు గానీ సెలవులు కరిగిపోతాయి. పొద్దున్నే క్యాలెండర్‌లో ‘నా’ రాసి, ఆమెకి ఫోన్ చేసి నాలుగు మాటలని, ఆ కోపంతోనే రోజంతా ఇంట్లో తిరిగేదాన్ని. పాపతో ఆ రోజుల్లో ఏం చేశానో అడిగితే చెప్పలేను. ఏ తేదీన ఆమెని ఏమని తిట్టానో మాత్రం చెప్పగలను.

అప్పుడే పాప ఒక కొత్త మాట పట్టుకుంది. నిద్ర లేస్తూనే వచ్చి క్యాలెండర్ కింద నిలబడేది.

“అమ్మా, ఇవాళ నా నా?”

అది ‘నాన్న’ అనబోయి సగంలో ఆపేసిందనుకున్నాను. “నాన్న శుక్రవారం వస్తారు” అనేదాన్ని.

“నాన్న కాదు. నా.”

“అదే. నాన్న. శుక్రవారం.”

మూతి ముడుచుకుని వెళ్లిపోయేది. నేను ఆయనకి ఫోన్ చేసి, “మీ కూతురు మీ మీద బెంగ పెట్టుకుంది, పొద్దున్నే నా నా అంటోంది” అని దెప్పాను. ఆయన పొంగిపోయి, ఆ శుక్రవారం ఒక ఏనుగు బొమ్మ తెచ్చారు. పాప ఏనుగుని తీసుకుంది. సోమవారం పొద్దున మళ్లీ క్యాలెండర్ కింద నిలబడింది.

మూడు నెలల్లో చివరి నెల. రెండు ఎర్ర చుక్కలు అప్పటికే పడ్డాయి. ఇంకో వారం గట్టెక్కితే సీటు నాదే. ఆ రోజు ఆయమ్మ తొమ్మిదీ అయిదుకి వచ్చింది. ఇక్కడ ఒక విషయం స్పష్టంగా రాయాలి, ఎందుకంటే తర్వాత చాలామందికి దీన్ని వేరేగా చెప్పాను. తొమ్మిదీ అయిదుకి చెప్పులేసుకుని బయటపడి ఉంటే నేను టైముకి అందేదాన్ని. అంతకుముందు చాలాసార్లు అలాగే పరిగెత్తి అందుకున్నాను. కానీ ఆ రోజు బ్యాగు భుజాన వేసుకుని కూడా ఆగి, మేకు మీద నుంచి క్యాలెండర్ దించాను. గెలవాలనిపించింది.

“ఇటు రా. ఇవేంటో తెలుసా?”

“టైములు. ఎర్రగ రాసినవ్.” చెమట తుడుచుకుంటూ అంది.

“మరి ఇవి?” నీలం అక్షరాల మీద వేలు పెట్టాను.

“గవి నీయి గద.”

“నావా?”

“‘నా’ అనే ఉన్నది గద. మూడో తరగతి దాక సదువుకున్నమ్మా, గా మాత్రం ఒస్తది.” నా ముఖం చూసి, నాకు అర్థం కాలేదనుకుని, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పింది. “నేను రాని నాడు పాప నీ తాన ఉంటది గద. గా రోజులు నావి అని గుర్తు పెట్టుకుంటున్నవ్ అనుకున్న. పాపకు సుత గట్లనే నేర్పిన. నా అని ఉంటే అమ్మ రోజు అని. పొద్దుగాల లేస్తనే సూస్తది, ఇయ్యాల ఉన్నదా అని. ఉంటే మస్తు కుషీ అయితది.”

పాప ఆమె కొంగు పట్టుకుని నిలబడి ఉంది. తన రహస్యం బయటపడ్డట్టు నా వైపు చూసి నవ్వింది.

నేను కాగితాల్లో అబద్ధం పట్టుకునేదాన్ని. ఆమె మాటల్లో ఒక్కటి కూడా అబద్ధం లేదని నాకు తెలిసిపోయింది. అక్కడితో నోరు మూసుకుని క్యాలెండర్ మేకుకి తగిలించి ఉండవచ్చు.

“నా అంటే నాగా,” అన్నాను. “నువ్వు ఎగ్గొట్టిన రోజులు.”

ఆమె క్యాలెండర్ చేతిలోకి తీసుకుంది. పేజీ వెనక్కి తిప్పి కిందటి నెల చూసింది, దాని ముందు నెల చూసింది.

“గిన్నా?” అంది. క్యాలెండర్ నా చేతికిస్తూ, “నువ్వు సుత మురుస్తున్నవ్ అనుకున్నమ్మా” అంది.

ఆ మాటకి నాకు సిగ్గేసింది. సిగ్గేసినప్పుడు నా గొంతు పెరుగుతుంది.

“రేపట్నుంచి ఎనిమిదీ నలభై అయిదుకి రాగలిగితే రా. లేకపోతే రాకు.”

“రేపు నల్ల లేదు, ఒస్త. ఎల్లుండి ఉంటది. ఎల్లుండి లేటయితదని ఇప్పుడే చెప్తున్న. కాదని అబద్ధం చెప్పమంటవా?”

“అయితే రేపు కూడా రాకు.”

ఆమె ఏడవలేదు, బతిమాలలేదు. గోడ గడియారం వైపు చూసింది. “మల్ల ఇయ్యాల పాపను ఏడ ఇడుస్తవ్? ఇయ్యాల్టికి ఉంట. నువ్వు పో, నీకు లేటయితుంది” అంది. నేను తీసేసిన మనిషి చేతిలోనే నా పిల్లని పెట్టి, నేను మెట్రోకి పరిగెత్తాను. వేలు పెట్టేసరికి తొమ్మిదీ నలభై ఒకటి. ఆ నెలలో మూడో ఎర్ర చుక్క.

సాయంత్రం ఆమె తాళం చెవి నా చేతిలో పెట్టింది. పాప నుదుటి మీద చెయ్యి వేసి, “పోయొస్త బిడ్డా” అంది. ఇక రాని మనిషి కూడా వస్తాననే వెళ్లాలి. ఈ మర్యాద మా వైపూ ఉంది, వాళ్ల వైపూ ఉంది.

సీటు ఆ టీ తాగే అతనికి వెళ్లింది. మేనేజరు మొహమాటపడుతూ, “ఒక్క పది నిమిషాలు మేడమ్, పైవాళ్లకి ఏమని చెప్పను?” అన్నాడు. పనిమనుషుల వల్లే ఆడవాళ్ల ఉద్యోగాలు ఇలా తగలడతాయని నేను ఆఫీసులో, మా అపార్ట్‌మెంట్ లిఫ్టులో, పెళ్లిళ్లలో చాలాసార్లు చెప్పాను. విన్నవాళ్లంతా అవునన్నారు. ఆ నెల పేజీ తిప్పేటప్పుడు మాత్రం ఎర్ర అంకెల వంక చూశాను. రోజు విడిచి రోజు, ముగ్గుకి పెట్టిన చుక్కల్లాగా వరసగా ఉన్నాయి. ఇంతకన్నా మంచి రుజువు మా ఆఫీసులో ఎవరూ అడగరు.

కొత్త ఆయా ఏజెన్సీ నుంచి వచ్చింది. ఎస్.ఆర్. నగర్‌లో హాస్టల్లో ఉంటుంది, అక్కడ నీళ్ల గొడవ లేదు. ఎనిమిదీ నలభైకి బెల్లు కొడుతుంది. ‘మీరు’ అంటుంది, ‘మేడమ్’ అంటుంది. పాప తిన్న అన్నం ఫోటో తీసి నేను అడక్కుండానే పంపిస్తుంది. నాగా లేదు. నేనూ సెలవు పెట్టలేదు. ఆ సీటు పోయినా ఇంకో సీటు ఎప్పుడో ఖాళీ అవుతుంది కదా అని, ఒక్క ఎర్ర చుక్క పడకుండా చూసుకున్నాను. క్యాలెండర్ గడులన్నీ శుభ్రంగా ఉన్నాయి.

పాప కొన్నాళ్లు అడిగింది. “ఇవాళ నా నా?” కాదన్నాను. తర్వాత అడగడం మానేసి, ఊరికే వచ్చి చూసి వెళ్లేది.

ఒక బుధవారం పొద్దున తల దువ్వుకుంటూ చూస్తే, క్యాలెండర్ కింద కుర్చీ వేసి ఉంది. ఆ రోజు గడిలో ఆకుపచ్చ క్రేయానుతో ‘న’ ఉంది. దీర్ఘం తలకిందులుగా పెట్టి ఉంది. పక్క గడిలోని అమావాస్య మీదికి కూడా కొంచెం పాకింది. పాప మంచం మీద పడుకుని, నిద్రపోతున్నట్టు కళ్లు గట్టిగా మూసుకుంది. రెప్పలు కదులుతున్నాయి.

ఎనిమిదీ నలభైకి బెల్లు మోగింది.

తొమ్మిదీ పదికి నేను ఆఫీసులో వేలు పెట్టాను.