మా బడి మైకు అడిగిన మాట

ముందే చెప్పేస్తున్నాను. ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు చేతకాదు. నా నోట్లో పడితే వానపాము కూడా పడగ విప్పుతుంది. మా ఆవిడ నేను చెప్పేదాంట్లో సగం అక్కడికక్కడే కొట్టేసి, మిగతా సగం పక్కింటివాళ్ళని కనుక్కున్నాక గానీ నమ్మదు. అయినా సరే... ఇది జరిగింది. నాకే జరిగింది. పిల్లల మీద ఒట్టు వేస్తే ఆవిడ ఊరుకోదు కాబట్టి నా పింఛను మీద ఒట్టు. ఇంకా రాలేదనుకోండి, కానీ వస్తుందిగా.

నేను తెలుగు మాస్టారిని. మందస దాటి సముద్రం వైపు పోతే జీడితోటల నడుమ మా హైస్కూలు. సముద్రం ఎంత దగ్గరంటే, ఆరో తరగతి పిల్లలు కిటికీలోంచి గేలం వేసి చేపలు పడతారు. సరే, పట్టరు. కానీ తరగతిలో అందరూ నోరు మూసుకున్నప్పుడు కెరటం వినిపిస్తుంది. అందరూ నోరు మూసుకోవడం మా బడిలో అరుదు కాబట్టి నేనే చాలాసార్లు వినలేదు.

మా బడికొక ప్రత్యేకత ఉంది. అన్ని బళ్ళలోనూ పొద్దున్న ప్రార్థన దగ్గర దేశం వార్తలు చదువుతారు, ఆటల వార్తలు చదువుతారు. మా దగ్గర ఆఖర్న ఊరి వార్తలు కూడా చదువుతారు. ఆ పనికి హైమ అనే పిల్ల ఉండేది. పదో తరగతి. పిడికెడు మనిషి, గొంతు మాత్రం పడవ దించేటప్పుడు కేకలేస్తారు చూడండి, అదీ. బడి డాబా మీద గొట్టం మైకు ఊరివైపు తిరిగి ఉంటుంది. హైమ వార్తలు మొదలుపెడితే కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలు పొంగిపోతున్నా కదిలేవారు కాదు.

"నిన్న సాయంత్రం ఎర్రమ్మ గారి గేదె ఈనినది. తల్లీ బిడ్డా క్షేమం."

"మధ్యాహ్న భోజనంలో నేడు గుడ్డు కలదు. నిన్నటి గుడ్డు కోడిదా పిచ్చుకదా అన్నది తేలలేదు."

"లెక్కల మాస్టారు శ్రీ పట్నాయక్ గారు నిన్న నవ్వినారు. కారణం తెలియరాలేదు."

ఈ మూడో వార్తకి పట్నాయక్ మాస్టారు కూడా నవ్వాడు. అది మర్నాటి వార్త అయింది.

చదవబోయే ముందు మైకులోకి రెండుసార్లు ఊదేది. ఫూ... ఫూ... తర్వాత అడిగేది. వార్తలన్నీ పుస్తకాల భాషలో చదివే పిల్ల, ఆ ఒక్క మాట మాత్రం ఇంట్లో మాట్లాడినట్టే అడిగేది.

"ఇనబడతందా?"

బడి బడంతా ఒక్కసారి అరిచేది. "ఇనబడతందీ...!"

ఆఖరి వార్త ఎప్పుడూ వాళ్ళ నాన్నది. పేరు దాలయ్య. కొబ్బరి చెట్లెక్కే మనిషి. మా ఉద్దానం ప్రాంతంలో ఎందరికో వచ్చిన కిడ్నీ జబ్బే ఆయనకీ వచ్చింది. వారంలో ఇన్నిసార్లని పలాస ఆసుపత్రికి వెళ్ళి డయాలసిస్ చేయించుకోవాలి. వాళ్ళమ్మ లచ్చిమి జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొడుతుంది, పని మానుకునే వీల్లేదు. కాబట్టి హైమే బడి ఎగ్గొట్టి తండ్రిని బస్సులో తీసుకెళ్ళేది. మర్నాడు మైకులో చెప్పేది. "మా తండ్రిగారు శ్రీ దాలయ్య పలాస వెళ్ళి, రక్తం శుభ్రం చేయించుకుని, సాయంత్రం బస్సులో క్షేమంగా తిరిగి వచ్చినారు."

బడి వెనకే వాళ్ళిల్లు. దాలయ్య అరుగు మీద కూర్చుని, తను క్షేమంగా వచ్చిన వార్త తనే వినేవాడు. విన్నాకే లేచి మొహం కడుక్కునేవాడు.

వానలు తగ్గుముఖం పట్టాక హైమకి జ్వరం వచ్చింది. పలాస తీసుకెళ్ళారు. అక్కణ్ణుంచి శ్రీకాకుళం పంపించారు. తిరిగొచ్చిన అంబులెన్సు మోత లేకుండా మా బడి ముందు నుంచే వెళ్ళింది. అప్పుడు నేను ఆరో తరగతికి సంధులు చెబుతున్నాను. ఏ సంధో గుర్తు లేదు. పిల్లలు ఒక్కొక్కరే లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. కూర్చోమని నేను అనలేదు.

ఈ ముక్కలో నేనేమీ పెంచలేదు. పెంచడానికి ఏముంది.

తర్వాత ఊరి వార్తలు ఇంకెవరూ చదవలేదు. ఎవర్ని పిలిచినా తల వంచుకుని నిలబడేవారు. ఆటల వార్తలు అవుతాయి... తర్వాత కాసేపు అందరూ ఊరికే నిలబడతారు... తర్వాత జనగణమన. అలా ఆగమని ఎవరూ చెప్పలేదు. ఆ కాసేపూ కెరటం వినిపించేది.

లచ్చిమి కొన్నాళ్ళు పని మానుకుని దాలయ్యని పలాస లాక్కెళ్ళింది. తర్వాత ఒక రోజు బస్సు వచ్చి ఆగితే ఆయన ఎక్కలేదు. తర్వాతి విడతకీ ఎక్కలేదు. కాళ్ళు పొంగాయి. మొహం పొంగి కళ్ళు చిన్నవైపోయాయి. రేపటి విడత కూడా తప్పితే ఊపిరి అందదని ఆశా కార్యకర్త చెప్పి వెళ్ళిందట. నేనూ పట్నాయక్ మాస్టారూ సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాం.

"ఏం దాలయ్యా, ఆసుపత్రికి వెళ్ళవా?" అన్నాడు పట్నాయక్.

"ఎల్లి ఏటి సేసీది మాస్టారూ?"

"బతికేది!" అన్నాను నేను.

దాలయ్య మా డాబా మీది గొట్టం వైపు చూశాడు. "ఎల్లి వచ్చినా సెప్పీవోలు ఎవులు?"

పట్నాయక్ లెక్కల మనిషి. ఏ ప్రశ్నకైనా జవాబుంటుంది ఆయన దగ్గర. ఆ పూట చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు.

"ఆయన్నేటీ అడక్కండి బాబూ," అంది లచ్చిమి గుమ్మంలోంచి. "నాను అరిసి అరిసి సచ్చిపోతన్నాను. పిల్లతో పాటు మొగుణ్ణి కూడా అంపీమంతాడు. నా మాట ఇనడు. ఆ పిల్ల మాటొక్కటే ఇనీవోడు."

ఇక ఆ రాత్రి సంగతి.

పరీక్షలు దగ్గరపడ్డాయని పదో తరగతికి రాత్రి చదువులు పెట్టాం. పిల్లలు పుస్తకాల సంచులతో, టార్చీలతో, ఒకళ్ళనొకళ్ళు దెయ్యాల పేర్లు చెప్పి భయపెట్టుకుంటూ ఇళ్ళకి పోయారు. పట్నాయక్ బండి చప్పుడు కూడా తోటల్లో కలిసిపోయింది. తాళాలు వేసే వంతు నాది. అప్పుడు పోయింది కరెంటు...

చీకటి అంటే మామూలు చీకటి కాదు. నా చెయ్యి నాకు కనపడలేదు. నా ముక్కు కనపడలేదు. ముక్కు వెలుగులో కూడా కనపడదని తర్వాత గుర్తొచ్చింది. గేటు దగ్గర ఒక కుక్క. దూడంత కుక్క. అది లేచి నిలబడి, డాబా వైపు చూసి... తోక కాళ్ళ మధ్య పెట్టుకుని వెళ్ళిపోయింది. మొరగలేదు. అదీ నన్ను భయపెట్టింది.

తాళం తిప్పుతున్నాను...

గాలి ఆగిపోయింది.

జీడాకులు చప్పుడు మానేశాయి. కెరటం కూడా... అంటే కెరటం ఆగదు కదా, కానీ ఆగినట్టు ఉంది.

అప్పుడు డాబా మీద నుంచి...

ఫూ...

నా చెయ్యి తాళం మీదే ఉండిపోయింది.

ఫూ...

మైకు పెట్టె హెడ్మాస్టరు గదిలో ఇనప బీరువాలో ఉంది. ఆ బీరువా తాళం నా చేతి గుత్తిలోనే ఉంది. కరెంటు లేదు. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసినవన్నీ ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటున్నాను. దూరంగా కాదు... నా నెత్తి మీద... గొట్టంలోంచి వచ్చే ఆ కీచు కలిసిన గొంతు...

"ఇనబడతందా?"

తర్వాత ఏమీ లేదు.

ఏమీ లేకపోవడం కాదది. ఎవరో జవాబు కోసం ఆగినట్టు ఉంది. అడిగి, మైకు దగ్గర నోరు పెట్టుకుని, ఊపిరి బిగపట్టి ఆగితే ఎలా ఉంటుందో... అలా.

నోరు తెరిచాను. గాలి తప్ప ఏమీ రాలేదు.

ఆ తర్వాత వార్త కూడా చదివింది. ఏం చదివిందో చెప్పాల్సిన చోట చెబుతాను. నేను పరుగెత్తాను. ఏ ఒలింపిక్కులోనూ ఎవడూ అలా పరుగెత్తి ఉండడు. ఒక చెప్పు అక్కడే. దీపం కనపడ్డ ఇల్లు ఒక్కటే ఉంది. దాలయ్యది. పడుకుంటే ఊపిరాడదని గోడకి ఆనుకుని అరుగు మీదే కూర్చుని ఉన్నాడు.

"ఏటి మాస్టారూ? పామేటి?"

"నువ్వు... నువ్వు వినలేదా?"

"ఏటి ఇనాల?"

చెప్పాను. రెండు ఊదులూ చెప్పాను. అడిగిన మాటా చెప్పాను. లచ్చిమి లోపల్నించి వచ్చి స్తంభం పట్టుకుని నిలబడిపోయింది.

"ఓలమ్మా... మా పిల్లే?"

దాలయ్య నా మొహంలోకి చూస్తున్నాడు. ఆ పొంగిన రెప్పల మధ్య నుంచి. "ఇంకేటన్నాది?"

"వార్త చదివింది."

"ఏటని?"

"మా తండ్రిగారు శ్రీ దాలయ్య రేపు పొద్దున్న మొదటి బస్సుకి పలాస వెళ్ళవలెను. వేళకి మందులు వేసుకొని, నీళ్ళు బాగా తాగవలెను."

దాలయ్య చాలాసేపు డాబా వైపు చూశాడు. తర్వాత నెమ్మదిగా లచ్చిమి వైపు తిరిగాడు.

"నా సొక్కా ఉతికున్నాదా?"

ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. ఏడుపు మాత్రం ఆగలేదు.

ఆ రాత్రి అక్కడే అరుగు మీద కూర్చున్నాను. బడి దాటి ఇంటికి పోయే ధైర్యం లేదు. తెల్లారి నేను ఫోన్ చేస్తే పట్నాయక్ బస్సుస్టాపుకి వచ్చి నా కాళ్ళు చూసి, "ఒక్క చెప్పే ఏమిటి? రెండోది ఎక్కడ?" అన్నాడు. నేను సంగతంతా చెప్పాను. "గాలి," అన్నాడాయన. "గొట్టంలో గాలి తిరిగింది. మిగతాది నీ నోట్లో తిరిగింది."

బస్సొచ్చింది. దాలయ్యని ఇద్దరం చెరో రెక్కా పట్టుకుని ఎక్కించాం. కిటికీ పక్కన కూర్చున్నాడు, ఆయన పక్కన లచ్చిమి. దిగి నేను కింద నిలబడ్డాను. ఆయన తల వంచి, లచ్చిమికి వినపడకుండా పిలిచాడు.

"మాస్టారూ."

"చెప్పు దాలయ్యా."

"మా పిల్ల నన్ను నీళ్ళు తాగమని సెప్పదు."

నాకు అర్థం కాలేదు.

"ఈ జబ్బోలు నీళ్ళు ఎక్కువ తాగకూడదు. ఒళ్ళు పొంగిపోతాది. హైమ సిన్న గలాసుతో కొలిసి ఇచ్చీది. ఇంకో గుక్కడిగితే నా మీద ఇంతెత్తు లేసీది. బిందె మీద కూకునీది, నాను ముట్టకుండ." నవ్వాడు. నవ్వుతుంటే ఆ చిన్న కళ్ళు పూర్తిగా మూసుకుపోయాయి. "రాత్రే తెలిసిపోనాది నాకు. మీరు కల్పించీసినారని."

నీళ్ళు బాగా తాగండి అని మా ఉద్దానంలో ఏ గోడ చూసినా రాసి ఉంటుంది. రోజూ చదివీ చదివీ అదే నోటికొచ్చింది నాకు. జబ్బు రాకముందు మాట అది. వచ్చాక మాట వేరే.

"మరి... మరి ఎందుకు బయల్దేరావు?" అన్నాను.

"ఆ మొదటి మాట మీరు కల్పించింది కాదు. అది సెప్తన్నప్పుడు మీ పళ్ళు టకటకా కొట్టుకున్నాయి. వార్త సెప్పినప్పుడు కొట్టుకోనేదు." డ్రైవరు హారన్ కొట్టాడు. దాలయ్య కిటికీ చువ్వ పట్టుకున్నాడు. "మరి బదులు సెప్పినారా?"

"లేదు. గొంతు రాలేదు."

"అయ్యో..." అన్నాడు. నన్ను తిట్టడానికి కాదు. వాకిట్లో ఎవరో పిలిచి వెళ్ళిపోయారని తెలిసినప్పుడు అంటామే, అలా. "అయితే మల్లీ అడుగుతాది. మా పిల్ల ఒట్టి మొండి మాస్టారూ. బదులొచ్చీదాక ఇడిసిపెట్టదు. అప్పటికి నానుండాల గదా ఊల్లో."

బస్సు కదిలింది.

ఇప్పటికీ దాలయ్య ఒక్క విడత తప్పడం లేదు. పలాస నుంచి వచ్చిన సాయంత్రాలు ఎంత నీరసంగా ఉన్నా అరుగు మీదే కూర్చుంటాడు, మొహం మా డాబా వైపు పెట్టుకుని. పట్నాయక్ ఒక ఆదివారం నిచ్చెన వేసుకుని ఎక్కి గొట్టం అంతా తడిమి చూశాడు. తీగ ఎప్పుడో తెగిపోయి ఉందన్నాడు. మరి పొద్దున్న ప్రార్థనకి ఎలా పలుకుతోందంటే, తెగినట్టు కనిపించింది గానీ తెగలేదేమో అన్నాడు. లెక్కల మనిషి అలా అనడం నేను మళ్ళీ వినలేదు. తాళాలు వేసే వంతు ఇప్పుడు రోజూ నేనే తీసుకుంటున్నాను. తలుపులన్నీ మూసి కాసేపు నిలబడతాను. ఒక్కోసారి గాలి ఆగుతుంది... నేను నోరు తెరుచుకుని సిద్ధంగా ఉంటాను... మళ్ళీ గాలి వీస్తుంది.

అది హైమో, గాలో, అప్పటికి మూడు నెలలుగా ఆ మాట కోసం ఆగిన మా అందరి చెవులేనో... నాకు తెలియదు.

ఇక నేను కల్పించింది చెప్పేస్తాను. కుక్క దూడంత లేదు, కోడిపుంజంత ఉంది. ఆ వార్త నాది, మొదటి మాట నుంచి ఆఖరి మాట దాకా. గొట్టం చదవలేదు. అది ఒక్కటే అడిగి, ఆగింది.